పాత వీ-క్రాస్ 4×4కి వేరే బండి వీల్స్: ఆరు నట్లు కలిస్తే చాలా?

విడవలూరు రొయ్యలు:

అందరికీ నమస్తే. నా బండి 2016 ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. 2.5 లీటర్ ఇంజిన్, మాన్యువల్, ఫోర్ వీల్ డ్రైవ్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. మాకు విడవలూరు వైపు రొయ్యల చెరువులు. బండి పని సగం చెరువు గట్ల మీద, సగం నెల్లూరు రోడ్డు మీద. మేత బస్తాలు, డీజిల్ క్యాన్లు, కాలిపోయిన ఏరేటర్ మోటార్లు, ఏదుంటే అది వెనకేసుకుని తిరగడమే.

గొడవంతా వీల్స్‌తో. ఇప్పుడున్నవి 16 అంగుళాల అల్లాయ్స్. ముందు ఎడమది గుంతలో పడి లోపలి అంచు వంగింది. వెనక ఒకదానికి రోజూ గాలి దిగుతోంది, పంక్చర్ మాత్రం లేదు. ఇంకోదానికి స్పోక్ వెనక సన్నటి చీలిక కనిపిస్తే, ఒక షాపాయన ఆర్గాన్ వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుంది అన్నాడు. టైర్లు కూడా అయిపోవచ్చాయి, 245/70 ఆర్16 (245 మిల్లీమీటర్ల వెడల్పు, గోడ ఎత్తు అందులో 70 శాతం, 16 అంగుళాల వీల్). ఎట్టాగూ మార్చాలి కదా అని విచారిస్తే నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

చెన్నై పుదుపేటలో ఒకాయన దగ్గర పాత ఫార్చ్యూనర్ 17 అంగుళాల అల్లాయ్స్ ఐదు ఉన్నాయి, 265/65 టైర్లతో కలిపి నలభై ఐదు వేలంట. ఇక్కడే తెలిసినాయన దగ్గర పజెరో అల్లాయ్స్ నాలుగు అంతకన్నా చాలా తక్కువకి వస్తాయి. ఆన్‌లైన్‌లో నల్లటి కొత్తవి ఉన్నాయి, 16×8, ఆఫ్‌సెట్ సున్నా అని రాశాడు, చూడ్డానికైతే అదిరిపోయాయి. అదీ కాదంటే ఇప్పటికి రెండు మార్చి, మిగతా రెండు రొయ్యల పట్టుబడి అయ్యాక చూసుకోవడం.

అన్నిటికీ ఆరు నట్లే. వీటిలో ఏది నా బండికి సరిగ్గా కూర్చుంటుంది? లోడు మీద గట్టు ఎక్కేటప్పుడు చక్రం గురించి టెన్షన్ లేకుండా ఉంటే చాలు నాకు.

నెల్లూరు ఆఫ్‌రోడ్:

ఫార్చ్యూనర్‌వి కళ్లు మూసుకుని తీసుకో బ్రో. రెండింటికీ పీసీడీ 6×139.7. మా ఫ్రెండ్ బండికి అవే ఉన్నాయి, లుక్కే మారిపోయింది.

కావలి టైర్ షాపు:

తమ్ముడూ, కళ్లు మాత్రం మూసుకోవద్దు. పీసీడీ కలిసింది కదా అని వీల్స్ కొనడం, ఇంటిపేరు కలిసింది కదా అని సంబంధం ఖాయం చేసుకున్నట్టు ఉంటుంది. చూడాల్సినవి ఇంకా ఉన్నాయి.

ముందు పీసీడీ సంగతి. నట్ల రంధ్రాల మధ్యల గుండా ఒక వలయం గీస్తే దాని వ్యాసమే అది. ఆరు రంధ్రాల వీల్‌కి కొలవడం సులువు. ఒక రంధ్రం బయటి అంచు నుంచి సరిగ్గా ఎదురుగా ఉన్న రంధ్రం లోపలి అంచుకి టేపు పట్టు, 139.7 మిల్లీమీటర్లు రావాలి. వీ-క్రాస్, ఫార్చ్యూనర్, పజెరో, పాత ఎండీవర్, అన్నీ ఇదే కొలత. అందుకే పాత సామాన్ల షాపులో ప్రతివాడూ "పడుతుంది సార్" అంటాడు.

తేడా వచ్చేది మధ్య రంధ్రంలో. హబ్ అంటే బండి వైపు వీల్ బిగించే మధ్య భాగం. మీ వీ-క్రాస్ హబ్‌కి సరిపోయే వీల్ మధ్య రంధ్రం 100.1 మిల్లీమీటర్లు. పజెరోది 67.1. అంటే హబ్ అందులోకి దూరనే దూరదు, వీల్ డ్రమ్ముకి ఆనకుండా ముందే ఆగిపోతుంది. లేత్ మీద పెద్దది చేసిస్తాం అంటారు కొందరు. పజెరో హబ్‌కి తగ్గట్టు పోత పోసిన వీల్ అది. నట్లు బిగించే చోటికి ఆనుకుని ఉన్న లోహాన్ని అంత మేర తోడేశాక దాని మీద లోడు వేసే ధైర్యం నాకైతే లేదు. ఎండీవర్‌ది 93.1, అదీ పోదు. ఫార్చ్యూనర్‌ది 106.1, ఇది ఎక్కుతుంది కానీ చుట్టూ 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. బయట 106.1, లోపల 100.1 ఉండే హబ్ రింగులు దొరుకుతాయి, అవి వేసుకోవాలి. ప్లాస్టిక్‌వి కాదు, అల్యూమినియంవి. రింగు లేకుండా బిగించిన బండ్లు మా దగ్గరికి 70, 80 స్పీడులో స్టీరింగ్ వణుకుతోందని వస్తుంటాయి. మిషన్ మీద బ్యాలెన్సింగ్ సున్నా చూపిస్తుంది, బండికి బిగిస్తే మళ్లీ వణుకుడే.

తర్వాత ఆఫ్‌సెట్. వీల్ వెనక్కి తిప్పి చూస్తే ఈటీ అని, పక్కన ఒక నంబర్ ఉంటుంది. వీల్ వెడల్పు సరిగ్గా మధ్య నుంచి, హబ్‌కి ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందో చెప్పే లెక్క అది. మీ పాతదాని వెనక ఏముందో చూసి చెప్పు. 7జె (అంటే 7 అంగుళాల వెడల్పు), ఈటీ 33 అనుకుందాం. నువ్వు చూసిన నల్లవి 8 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ సున్నా. ఆఫ్‌సెట్ వల్ల 33, పెరిగిన వెడల్పులో సగం అంటే ఇంకో 12.7, మొత్తం మీద ఒక్కో చక్రం నాలుగున్నర సెంటీమీటర్లు బయటికొస్తుంది. మడ్‌గార్డ్ దాటి కనిపిస్తుంది. గట్టు మీది బురదంతా తలుపులకీ అద్దాలకీ కొడుతుంది. అదైనా కడుక్కోవచ్చు. వీల్ బేరింగ్ మీద, స్టీరింగ్ జాయింట్ల మీద పడే బరువు పక్కకి లాగుతుంది చూడు, అది కడిగితే పోయేది కాదు. పదేళ్ల బండి, ఉప్పునీళ్లలో నానిన బేరింగులు. వద్దు.

మొదటి తరం ఫార్చ్యూనర్ 17 అంగుళాల వీల్ 7.5జె, ఈటీ 30. లెక్కేస్తే బయటికి సెంటీమీటర్ లోపు, లోపలికి 3 మిల్లీమీటర్లు. దాంతో పేచీ లేదు.

ఇక రెండు ఇప్పుడు, రెండు తర్వాత అన్నావే, దానికే నాకు భయమేసింది. నీ బండిలో ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే గేరు, వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరగాల్సిందే, మధ్యలో సర్దే డిఫరెన్షియల్ లేదు. 245/70 ఆర్16 టైరు ఎత్తు 749 మిల్లీమీటర్లు, 265/65 ఆర్17 ఎత్తు 776. ముందు ఒకటి, వెనక ఒకటి ఉంటే కిలోమీటరుకి దాదాపు 15 చుట్ల తేడా. బురదలో అయితే ఏదో ఒక చక్రం జారి ఆ తేడాని తీర్చేసుకుంటుంది. గట్టి నేల మీద జారే దారి లేదు, ఆ మెలికంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందుకీ వెనక్కీ పవర్ పంచే గేర్ల పెట్టె), షాఫ్టు జాయింట్లు మోయాలి. లివర్ తిరిగి టూ హైకి, అంటే వెనక చక్రాలకి మాత్రమే పవర్ వెళ్లే గేరుకి, రాకుండా ఇరుక్కుపోయే బండ్లలో చాలావాటికి కథ ఇక్కడే మొదలవుతుంది. మారిస్తే నాలుగూ మార్చు, స్పేర్‌తో కలిపి ఐదు. డబ్బులు లేకపోతే నాలుగూ పాతవే ఉంచి ఆగు.

గాలి దిగే వీల్ సంగతి కూడా చెప్తా. టైరు విప్పించి, టైరు అంచు కూర్చునే గాడి చూడు. తెల్లటి పొడి, దాని కింద చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండ్లన్నిటికీ వచ్చే జబ్బే. అల్యూమినియం తుప్పు అది. వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకి, బీడ్ సీలర్ (టైరు అంచు దగ్గర గాలి పోకుండా ఆపే పూత) పూసి టైరు ఎక్కిస్తే కొన్నాళ్లు ఆగుతుంది. కొత్తవి వేసుకున్నాక అయినా చెరువు నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో వీల్ లోపలి వైపు కూడా కొట్టు. అందరూ బయటే కడుగుతారు.

చీమకుర్తి క్వారీ మెకానిక్:

కావలి అన్న చెప్పిందానికి నాది ఒక్క మాట కలుపుతా. హబ్ రింగు బరువు మోయదు. వీల్‌ని మోసేది నట్ల బిగింపు. నట్లు వీల్‌ని హబ్ ముఖానికి ఎంత గట్టిగా అదిమి పట్టుకుంటే ఆ రాపిడే లోడంతా మోస్తుంది. రింగు పని వీల్‌ని మధ్యలో కూర్చోబెట్టడం వరకే. రింగు వేశాం కదా అని నట్ల విషయంలో అశ్రద్ధ చేసేవాళ్లని రోజూ చూస్తుంటా, అందుకే చెప్తున్నా.

నట్టు ఆకారం చూడండి. వీ-క్రాస్ నట్టు కొస కోసుగా, శంకువులా ఉంటుంది. టయోటా కంపెనీ అల్లాయ్స్‌లో కొన్నిటికి చదునైన వాషర్, పొడుగు మెడ ఉన్న నట్లు వస్తాయి. రెండింటి మర ఒకటే, ఎం12×1.5, కాబట్టి చేతికి తేడా తెలియకుండా ఎక్కేస్తాయి. కానీ చదును గాడిలో శంకువు నట్టు బిగిస్తే అంచు మీద సన్నటి గీతలా ఆనుతుందే తప్ప పూర్తిగా కూర్చోదు. కొత్తలో టైటుగానే అనిపిస్తుంది, లోడు పడుతుంటే వదులవుతుంది. ఏ వీల్ కొంటే ఆ వీల్ గాడికి సరిపోయే నట్లు తీసుకోండి.

బిగించేముందు హబ్ ముఖం మీద తుప్పు, వీల్ వెనక మందంగా కొట్టిన పెయింటు రెండూ గీకేయాలి. పెయింటు నలిగిన కొద్దీ నట్టు లూజు. గన్‌తో టకటకా కొట్టి వదిలేయకుండా, ఎదురెదురు నట్లు వరసగా టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో చెప్పినంత బిగించి, ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. మా క్వారీలో ఏ బండి వీల్ విప్పినా ఇదే రూలు.

చీలిక ఉన్న వీల్‌కి వెల్డింగ్ మాట వద్దే వద్దు. పోత పోశాక వేడి చేసి గట్టిపరిచిన అల్యూమినియం అది. వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల గట్టిదనం పోతుంది. అతికిన చోట ఆగుతుంది, దాని పక్కన చీలుతుంది. పాత ఇనుముకి వేసేయండి.

లోడు నంబర్ కూడా చూడాలి. టైరు మీద సైజు పక్కన 107 అని ఉంటే ఒక్క టైరు మోసేది 975 కిలోలు, 111 అయితే 1090, 112 అయితే 1120. వీల్ వెనక కూడా మ్యాక్స్ లోడ్ అని అచ్చు వేసి ఉంటుంది. బండి ప్లేటు మీద వెనక యాక్సిల్‌కి ఇచ్చిన బరువులో సగం కన్నా ఈ రెండూ ఎక్కువ ఉండాలి. ఆన్‌లైన్ నల్లవాటిలో కొన్ని కారు కోసం చేసినవి ఉంటాయి. మ్యాక్స్ లోడ్ అచ్చు లేదు, ఐఎస్ఐ గానీ జేడబ్ల్యూఎల్ (అల్లాయ్ వీల్స్‌కి జపాన్ ప్రమాణం) గానీ గుర్తు లేదు అంటే పక్కన పెట్టేయండి. 25 కిలోల మేత బస్తాలు ముప్పై వేస్తే అక్కడికే 750 కిలోలు.

నెల్లూరు ఆఫ్‌రోడ్:

అన్నలూ, మా ఫ్రెండ్ బండికి రింగుల్లేవు. ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. 80 దాటితే వణుకుతుందంట, రోడ్డు బాలేదేమో అనుకుంటున్నాడంట 😅

విడవలూరు రొయ్యలు:

చాలా థ్యాంక్స్ అన్నా. పాత వీల్ విప్పి చూశా. వెనక 16×7జె, ఈటీ 33 అని ఉంది, కావలి అన్న అన్నట్టే. పజెరోవి వదిలేశా. నల్లవి కూడా వదిలేశా, మా వాడు మాత్రం మొహం మాడ్చుకున్నాడు. పుదుపేట ఆయన రింగుల సంగతి అడిగితే "అవసరం లేదు, కావాలంటే స్పేసర్ వేసిస్తా" అన్నాడు.

రెండు డౌట్లు. ఫార్చ్యూనర్ వీల్స్‌కి ఆ 265/65 టైర్లతోనే వెళ్తే బండికి ఎక్కడైనా తగులుతుందా? 16లోనే ఉండిపోయి కొంచెం ఎత్తు టైరు వేసుకోవచ్చా?

కావలి టైర్ షాపు:

స్పేసర్ అన్నవాడికి దూరం నుంచే దండం పెట్టు. మధ్య రంధ్రం పెద్దదైతే స్పేసర్ ఎందుకంట? చక్రాన్ని ఇంకా బయటికి నెడుతుంది, మన ఇబ్బంది అట్టాగే ఉంటుంది.

776 ఎత్తు అంటే నీ పాతదాని కన్నా 3.6 శాతం పెద్దది. మీటర్ 80 చూపిస్తే నిజానికి 83లో పోతుంటావు. లోడులో ఎత్తుకునేటప్పుడు ఆ మేర గేరు బరువనిపిస్తుంది. తగులుతుందా లేదా అనేది నోటితో చెప్పలేం, ఒక వీల్ ముందు వైపు బిగించి చూడాలి. స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పు. ముందుకి తిప్పినప్పుడొకసారి, రివర్స్‌లో ఒకసారి. మడ్‌ఫ్లాప్, లోపలి ప్లాస్టిక్ లైనర్ అంచు, పై కంట్రోల్ ఆర్మ్, ఈ మూడు చోట్లా నీ వేలు దూరాలి. సమంగా ఉన్న నేల మీద కాదు, ఒక చక్రం రాయి ఎక్కించి స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు చూడాలి. పాత బండికి ముందు స్ప్రింగులు కుంగి ఉంటాయి, కొత్త బండికి తగలనిది దీనికి తగలొచ్చు. స్పేర్ సంగతి కూడా చూసుకో, బండి కింద గొలుసుకి వేలాడే చోట 17 అంగుళాలది పూర్తిగా పైకి లాగి బిగుస్తుందా అని.

నన్నడిగితే మాత్రం నువ్వు 16లోనే ఉండు. 255/70 ఆర్16 ఎత్తు 763, పాతదాని కన్నా 1.9 శాతమే ఎక్కువ, నీ 7 అంగుళాల వీల్‌కి సరిపోతుంది. తమాషా ఏంటంటే 255/65 ఆర్17, 255/60 ఆర్18 కూడా అంతే ఎత్తు. వీల్ పెరిగే కొద్దీ టైరు గోడ తగ్గుతుంది, అంతే తేడా. నీకు కావాల్సింది ఆ గోడే. గట్టు మీద రాయి తగిలినా, కోవూరు దగ్గర గుంతలో పడినా దెబ్బ తినేది ముందు రబ్బరు, తర్వాతే వీల్. ముందు ఎడమది వంగిందన్నావుగా, అదే ఎత్తు టైరుతో 17కి మారిస్తే ఇంకా తొందరగా వంగుతుంది.

స్టీల్ వీల్స్ అయితే ఇంకా నిశ్చింత. తుప్పు పడుతుంది నిజమే, కానీ కనబడేలా పడుతుంది, గీకి పెయింటు వేసుకోవచ్చు. వంగితే సరి చేసుకోవచ్చు. కొలతలు మాత్రం ఇవే చూడు: 6×139.7, మధ్యలో 100.1, ఆఫ్‌సెట్ 33కి దగ్గర, వెడల్పు 6.5 అంగుళాలకి తగ్గకుండా. అంతకన్నా సన్నటి వీల్ మీద 245 గానీ 255 గానీ వేయకూడదు.

ఒంగోలు సర్వేయర్:

బీమా వైపు నుంచి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. మడ్‌గార్డ్ బయటికి పొడుచుకొచ్చిన చక్రాలు రోడ్డు మీద చెకింగ్‌లో మొదట కంటపడతాయి, యాక్సిడెంట్ అయ్యాక క్లెయిములో మొదటి ఫోటో కూడా వాటిదే. కంపెనీ సైజుకి దగ్గరగా ఉంటే ఈ తలనొప్పి ఉండదు. అల్లాయ్స్ విడిగా కొంటే బిల్లు దాచుకుని, బీమా కంపెనీకి మెయిల్ పెట్టి పాలసీలో చేర్పించుకోండి.

విడవలూరు రొయ్యలు:

నెల్లూరులోనే ఒకాయన తన వీ-క్రాస్‌కి 18 అంగుళాలవి వేయించుకుని పాత 16వి ఐదూ అమ్ముతున్నాడు. ఫోటోలు తెప్పించా. ఈటీ 33, మ్యాక్స్ లోడ్ అచ్చు స్పష్టంగా ఉంది. రెండింటికి మాత్రం కొత్తగా సిల్వర్ పెయింటు కొట్టినట్టుంది. టైర్లు కూడా ఇస్తానంటున్నాడు, పక్కన 1418 అని ఉంది.

కావలి టైర్ షాపు:

1418 అంటే 2018లో 14వ వారం తయారైన టైరు. గాడి ఎంత లోతున్నా రబ్బరు ఎండిపోయి ఉంటుంది, వాటికి పైసా కట్టకు, వీల్స్‌కే బేరమాడు. పెయింటు కొట్టిన రెండూ ముందు చూడాలి, పెయింటు కింద ఏముందో ఫోటో చెప్పదు. టైర్లు విప్పించి, ఖాళీ వీల్‌ని బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పిస్తే అంచు పక్కకి ఊగినా, పైకీ కిందకీ ఎగిరినా కంటికే తెలిసిపోతుంది. స్పోక్ వెనక మొదలు దగ్గర థిన్నర్ గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడు, నీ పాతదానికి చీలిక వచ్చింది కూడా అక్కడే కదా. విప్పడానికి ఒప్పుకోకపోతే బేరం వదిలేయ్.

విడవలూరు రొయ్యలు:

విప్పడానికి ఒప్పుకున్నాడు అన్నా, ఛార్జీ నన్నే పెట్టుకోమన్నాడు. ఆదివారం తీసుకుని నేరుగా కావలికే వస్తా, షాపు ఉంటుందా? 255/70 ఐదు టైర్లు మీ దగ్గరే వేయించుకుంటా.

కావలి టైర్ షాపు:

మధ్యాహ్నం దాకా ఉంటా. ఆ సైజు స్టాకు లేదు, శనివారం లోపు ఫోన్ చేస్తే తెప్పించి పెడతా. పాత నట్లు మొత్తం పట్రా, మర అరిగినవి ఉంటే మార్చేద్దాం.